ప్రమిపెక్సోల్ నుంచి ప్రీగాబాలిన్‌కు మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మలక్‌పేట మేలుకొలుపు | రాత్రి 2.35

అందరికీ నమస్కారం. ఈ వేళప్పుడు రాస్తున్నానంటే సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. నా వయసు 56, బ్యాంకు ఉద్యోగం. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ పట్టుకుని చాలా ఏళ్ళయింది. పడుకోగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు ఉండేది. లేచి నాలుగడుగులు వేస్తే తప్ప ఊరుకునేది కాదు. మొదట ప్రమిపెక్సోల్ 0.125 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చారు. మంత్రం వేసినట్టు తగ్గింది. తరువాత 0.25 అయింది, ఆపైన 0.5 అయింది, ఇప్పుడు 0.75.

ఒకప్పుడు రాత్రి పది దాటాక మొదలయ్యే బాధ ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే కౌంటరు దగ్గర కుర్చీలో కూర్చోనివ్వడం లేదు. ఈ మధ్య మోచేతుల దాకా వచ్చింది. పాత డాక్టరుగారు ఒక మిల్లీగ్రాముకు పెంచుదామన్నారు. వేరే న్యూరాలజిస్టును కలిస్తే ఆయన అంతా విని, జబ్బు ముదరలేదు, మందే దాన్ని ముదిరినట్టు చేస్తోందన్నారు. రాత్రికి ప్రీగాబాలిన్ 75 మొదలుపెట్టి, 150కి పెంచాక, ప్రమిపెక్సోల్‌ను 0.125 చొప్పున తగ్గించుకుంటూ పూర్తిగా మానేయాలట.

బాధకు వాడే మందు తగ్గిస్తే బాధ తగ్గడమేమిటని మా ఆవిడ అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. ఇలా మారినవాళ్ళు ఉంటే చెప్పండి. ఆ రాత్రులు ఎలా గడిచాయి? ఉద్యోగానికి వెళ్ళగలిగారా?


సైనిక్‌పురి సరళ | ఉదయం 6.10

మీ పోస్టు చదువుతుంటే నా కథే చదువుతున్నట్టుంది. నాది రోపినిరోల్, మీ మందు లాంటిదే. తక్కినవి తరువాత మాట్లాడదాం. మీ ఫెరిటిన్ ఎంత? ఎప్పుడు చేయించారు? హిమోగ్లోబిన్ కాదు, ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే పరీక్ష.


నల్లకుంట నడక | ఉదయం 9.45

మలక్‌పేట గారూ, మీరు చెప్పినవి ఆగ్మెంటేషన్‌కు, అంటే మందే జబ్బును ముదిరినట్టు చేయడానికి, అచ్చు గుద్దినట్టున్న లక్షణాలు. రాత్రి రావలసినది మధ్యాహ్నమే రావడం, కూర్చున్న కాసేపటికే మొదలవడం, చేతులకు పాకడం, మోతాదు పెంచితే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికి రావడం. ఈ పేరు 1996లో రిచర్డ్ అలెన్, క్రిస్టఫర్ ఎర్లీ అనే అమెరికా పరిశోధకులు పెట్టారు. అప్పట్లో లెవోడోపా అనే పార్కిన్సన్స్ మందును ఈ జబ్బుకు వాడేవారిలో దీన్ని చూశారు. తరువాత వచ్చిన ప్రమిపెక్సోల్, రోపినిరోల్‌లతో ఇది నెమ్మదిగా వస్తుంది. అంతే తేడా. ఈ జబ్బుకు వాడటానికి ఈ మందులకు అమెరికాలో 2005, 2006లలో అనుమతి వచ్చినప్పుడు ఇవే మొదటి వరుస. ఇన్నేళ్ళు వాడాక తెలిసినదేమిటంటే, ఏడాది గడిచేకొద్దీ వందలో ఏడెనిమిది మంది చొప్పున ఈ ఉచ్చులో పడుతున్నారు. ఏళ్ళు కలిసేకొద్దీ అది చిన్న సంఖ్య కాదు. 2025 జనవరిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ, ఈ మందులను మామూలుగా వాడవద్దని, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రకాలను ముందు వాడమని చెప్పింది. మీ కొత్త డాక్టరుగారు చెబుతున్నది అదే.

ఇక నా అనుభవం. రోపినిరోల్ 3 మిల్లీగ్రాముల దాకా వెళ్ళాక గాబాపెంటిన్‌కు మార్చారు. ముందు కొత్తది నిలదొక్కుకోనిచ్చారు. సాయంత్రం 300తో మొదలుపెట్టి, సాయంత్రమూ పడుకునేముందూ కలిపి 900కు తెచ్చారు. ఆ తరువాతే రోపినిరోల్ కోత. వారం పది రోజులకు అర మిల్లీగ్రాము చొప్పున. మొదటి కోతలు తేలికగానే పోయాయి. చివరి మెట్టు దగ్గర మాత్రం చుక్కలు కనబడ్డాయి. అర మిల్లీగ్రాము నుంచి పావుకు, పావు నుంచి సున్నాకు దిగిన రోజుల్లో కంటి మీద కునుకు లేదు. శంకరమఠం రోడ్డు మీద కుక్కలకు నేను బాగా పరిచయస్థుణ్ణి అయిపోయాను. చెమటలు, దిగులు, కారణం లేని కోపం. మందు వదిలేటప్పుడు ఇవి రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి మా ఇంట్లోవాళ్ళు భరించారు. మీరు కూడా ఇంట్లో ముందే చెప్పండి. వీలైతే చివరి మెట్టును సెలవులలో పెట్టుకోండి. ఆ రోజుల్లో బండి నడపకండి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పాతది ఒంట్లో ఉన్నంతకాలం కొత్త మందు పనిచేస్తోందా లేదా అన్నది తేలదు. ప్రీగాబాలిన్ వాడుతున్నా తగ్గలేదని సగంలో నిరాశపడితే మళ్ళీ ప్రమిపెక్సోల్ పెంచుకోవడమే మిగులుతుంది. పాతది పూర్తిగా పోయి, రెండు మూడు వారాలు గడిచాక మీ జబ్బు అసలు బలమెంతో బయటపడుతుంది. సాధారణంగా మీరు భయపడినంత ఉండదు.

మీ ఆవిడగారి ప్రశ్న సరైనదే. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే చోట్లను ఈ మందు రోజూ బలవంతంగా తట్టి లేపుతుంటే, అవి మొద్దుబారతాయని నిపుణుల భావన. మందు ప్రభావం దిగిపోయే వేళకు లోటు ఇంకా పెద్దదై కూర్చుంటుంది. తగ్గిస్తేనే ఆ లోటు పూడుతుంది.


మందుల కొట్టు మామయ్య | మధ్యాహ్నం 1.20

చిక్కడపల్లి వైపు మందుల దుకాణంలో చాలా ఏళ్ళ అనుభవం నాది. డాక్టరును కాను. కొట్టు వైపు నుంచి కనబడేవి చెబుతాను.

ఒకటి, మీకు ఇచ్చిన ప్రీగాబాలిన్ మాత్రల అట్ట తిప్పి చూడండి. ప్రీగాబాలిన్ ఒక్కటే ఉందా, ఇంకేమైనా కలిపారా? మన దేశంలో ఇది ఎక్కువగా నరాల తిమ్మిర్లకు అమ్ముడవుతుంది కాబట్టి, మిథైల్‌కోబాలమిన్ కలిపినవి, నార్ట్రిప్టిలిన్ కలిపినవి లెక్కలేనన్ని ఉన్నాయి. పేరు ఒకటే, చివర ఎం అనో ఎన్‌టీ అనో అక్షరం ఉంటుంది. మిథైల్‌కోబాలమిన్ అంటే బి12, దానితో ఇబ్బంది లేదు. నార్ట్రిప్టిలిన్ అలా కాదు. అది పాతరకం డిప్రెషన్ మందు. షుగరు తిమ్మిర్లకు మంచిదే, కానీ ఈ రకం మందులు కొందరికి కాళ్ళ అలజడిని పెంచుతాయి. ఒక చేత్తో తగ్గిస్తూ ఇంకో చేత్తో పెంచుకున్నట్టవుతుంది.

రెండు, ప్రమిపెక్సోల్ పార్కిన్సన్స్ జబ్బుకు రోజుకు 4.5 మిల్లీగ్రాముల దాకా వాడతారు. అందుకని 0.75, 1 అన్నవి చూడటానికి చిన్న అంకెల్లా ఉంటాయి. కాళ్ళ జబ్బు లెక్క వేరు. అమెరికాలో దీనికి 0.5 దాటవద్దంటారు. 0.75తో అదనపు మేలు కనబడలేదని అక్కడి మందు కాగితంలోనే ఉంటుంది.

మూడు, ఏ మందూ ఒక్కసారిగా మానేయకండి. ప్రీగాబాలిన్ కూడా, రేపెప్పుడైనా వద్దనుకుంటే, నెమ్మదిగానే దించాలి. మూత్రపిండాల పనితీరు, అంటే క్రియాటినిన్ పరీక్ష చేయించారా? ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ రెండూ మూత్రం ద్వారానే పోతాయి. పరీక్ష చేయించకుండా మొదలుపెట్టకండి.


మలక్‌పేట మేలుకొలుపు | రాత్రి 9.50

మామయ్య గారూ, మీ పోస్టు చదివి వెంటనే అట్ట తిప్పాను. ఎన్‌టీ! చీటీలో డాక్టరుగారు రాసినది ప్రీగాబాలిన్ ఒక్కటే. కొట్టులో అది లేదని, ‘అదే మందు సార్, ఇంకా మంచిది’ అని ఇది చేతిలో పెట్టారు. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆయన నొచ్చుకున్నారు. రేపటి నుంచి ఉత్తిది. క్రియాటినిన్ 0.9, బాగానే ఉందన్నారు.

సరళ గారూ, ఫెరిటిన్ 28. ల్యాబు కాగితం మీద నార్మల్ అనే ఉంది. ముద్దక్షరాలు కూడా లేవు.


సైనిక్‌పురి సరళ | రాత్రి 10.30

అనుకున్నాను. ల్యాబు వాళ్ళు చెప్పే నార్మల్ రక్తహీనత లెక్క. కాళ్ళకు ఆ లెక్క పనికిరాదు. ఈ జబ్బు ఉన్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఇనుము ఇవ్వాలని, వంద దాకా ఉన్నా రక్తనాళం ద్వారా ఎక్కించే విషయం ఆలోచించవచ్చని నిపుణులు చెబుతున్నారు. రక్తంలో ఇనుము సరిపోయినా మెదడులో తక్కువగా ఉండటం ఈ జబ్బు మూలాల్లో ఒకటి. మీరు ఏళ్ళ తరబడి మోతాదు పెంచుకుంటూ వస్తుంటే ఈ పరీక్ష ఎవరూ రాయకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. ఇనుము తక్కువ ఉన్నవాళ్ళలో ఆగ్మెంటేషన్ కూడా ఎక్కువే.

పరీక్ష పరగడుపున, ఉదయం చేయించండి. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, అంటే రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చూసే పరీక్ష, కూడా కలిపి రాయమనండి. ఒంట్లో జ్వరం, ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ దొంగతనంగా పెరిగి కనబడుతుంది. అందుకే రెండూ చూడాలి.

ఇనుము మాత్ర వేసుకుంటే టీతో వేసుకోకండి. భోజనానికి దూరంగా, నిమ్మరసంతో. రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి పట్టేది తక్కువేమీ కాదు, కడుపునొప్పి తగ్గుతుంది. మాత్రలతో నెలలు పడుతుంది. నాకు మాత్రలు పడక ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందును రక్తనాళం ద్వారా ఎక్కించారు. ఫలితం మరునాడే రాలేదు. నెల దాటాక ఒక రాత్రి పడుకుని తెల్లారి లేచాను, అంతే. తోటకూర, గోంగూర, మునగాకు తినమని అందరూ చెబుతారు. తినండి, మంచివే. కానీ ఆకుకూరల ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. 28ని 100 చేయడం పప్పుగోంగూరతో అయ్యే పని కాదు.


అనుమానాల అప్పారావు | ఉదయం 7.15

అందరూ ప్రమిపెక్సోల్‌ను దోషిగా నిలబెడుతున్నారు. నేను 0.125 వాడుతూ ఏళ్ళుగా హాయిగా ఉన్నాను. పెరగలేదు, తరగలేదు. ప్రీగాబాలిన్ ఏమైనా అమృతమా? నా తమ్ముడు వాడితే బరువు పెరిగాడు, కాళ్ళు వాచాయి, ఆఫీసులో మాట మరిచిపోతున్నాడు. అమెరికావాడు ఇవాళ ఒకటి చెబుతాడు, పదేళ్ళ తరువాత దాన్నే తప్పంటాడు. 2006లో మంచిదన్నది వీళ్ళే కదా.


నల్లకుంట నడక | ఉదయం 8.40

అప్పారావు గారూ, మీరు చెప్పినదానిలో నిజం ఉంది. తక్కువ మోతాదులో స్థిరంగా ఉన్నవాళ్ళను పట్టి లాగి మార్చమని ఎవరూ అనడం లేదు. ఆ మార్గదర్శకాలలో కూడా ఉన్నది గట్టి నిషేధం కాదు, షరతులతో కూడిన సలహా. మున్ముందు వచ్చే ముప్పు కన్నా ఇప్పటి ఉపశమనమే ముఖ్యమనుకునేవాళ్ళకు వాడవచ్చనీ రాశారు. మీకు పెంచవలసిన అవసరం వస్తే మాత్రం అది గంట మోగినట్టే.

ప్రీగాబాలిన్ అమృతం కాదు. బరువు, మగత, తల తిరగడం, పాదాల వాపు, కొందరికి మనసు కుంగడం, అన్నీ ఉన్నాయి. గురక పెట్టి శ్వాస ఆగే జబ్బు ఉన్నవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. మలక్‌పేట గారి మధ్యాహ్నం మూడు గంటల బాధకూ మీ తమ్ముడి బరువుకూ మధ్య ఏది ఎంచుకోవాలన్నదే ప్రశ్న. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఏడాది పాటు సాగిన అధ్యయనంలో, 300 మిల్లీగ్రాముల ప్రీగాబాలిన్ వాడినవారిలో ఆగ్మెంటేషన్ 2.1 శాతం, 0.5 ప్రమిపెక్సోల్ వాడినవారిలో 7.7 శాతం. ఏడాదికే అంత తేడా. ఆయన వాడుతున్నది ఎన్నో ఏళ్ళుగా.


అనుమానాల అప్పారావు | ఉదయం 8.55

అంకెలతో కొట్టారు. సరే. నాది మాత్రం మార్చను.


వనస్థలి వాణి | మధ్యాహ్నం 3.05

నేను రోగిని కాను, రోగి భార్యను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. మావారికి ప్రమిపెక్సోల్ పెంచిన కొన్నాళ్ళ తరువాత ఇంటికి రోజూ పార్సిళ్ళు రావడం మొదలైంది. ఆయన జన్మలో మేకు కొట్టి ఎరగరు. ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్లు, రంపాలు, తోట కత్తెరలు. మేముండేది మూడో అంతస్తు. అడిగితే ‘తగ్గింపు ధర’ అంటారు. రాత్రి నిద్ర పట్టదు కదా, ఫోను చేతిలో, డబ్బు ఖాతాలో. వయసు మీద పడి చాదస్తం వచ్చిందనుకున్నాం. మా అమ్మాయి ఆ మందు కాగితం చదివి, ఇది మందు చేసే పని కావచ్చని చెప్పింది. జూదం, కొనుగోళ్ళు, తిండి, ఇంకా చెప్పుకోలేని కోరికలు కూడా అదుపు తప్పవచ్చట. రోగికి అది జబ్బనిపించదు, ఇష్టంగా చేస్తున్నట్టే ఉంటుంది. అందుకని ఇంట్లోవాళ్ళే కనిపెట్టాలి.

మందు దించాక ఆ కొనుగోళ్ళు ఆగిపోయాయి. రంపాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

మలక్‌పేట గారి భార్య ఇది చదువుతూ ఉంటే, వదినా, ఒకసారి బ్యాంకు ఖాతా చూసుకోండి. చెడుగా అనుకోకండి.


మలక్‌పేట మేలుకొలుపు | సాయంత్రం 6.20

చూపించాను. నావి పార్సిళ్ళు కావు. రాత్రి పన్నెండు తరువాత డబ్బాలోని జంతికలు. ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆవిడ డాక్టరుగారి దగ్గర ఈ సంగతి చెబుతానంటోంది.


నిర్వాహకులు | సాయంత్రం 7.00

ఫోను నంబరుతో తైలం అమ్మే పోస్టు ఒకటి తొలగించాం. ఇక్కడ చెప్పే మోతాదులు ఎవరి అనుభవం వారిది. చూసి అనుకరించకండి, మీ డాక్టరుతో మాట్లాడండి.


బోడుప్పల్ అబ్బాయి | రాత్రి 11.15

మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ కుర్చీలో నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. కాళ్ళు ఊరుకోవు. మధ్యలోనే ఆపేయమని బతిమాలుకుంటారు. ఇక్కడ అందరూ ప్రీగాబాలిన్ అంటున్నారు కదా, ఆయనకూ అడగవచ్చా?


మందుల కొట్టు మామయ్య | రాత్రి 11.40

బాబూ, అడగండి. కానీ ఇక్కడ రాసిన అంకెలను ఆయనకు వర్తింపజేయకండి. కిడ్నీలు పనిచేయనప్పుడు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఒంట్లోనే పేరుకుంటాయి. మనిషి మత్తుగా పడిపోవడం, చేతులు ఎగిరిపడటం, అయోమయం రావచ్చు. వాళ్ళకు చాలా చిన్న మోతాదు, గాబాపెంటిన్ అయితే వందతో మొదలుపెట్టి, డయాలసిస్ అయ్యాక ఇస్తారు. ఎందుకంటే డయాలసిస్‌లో ఆ మందు కూడా కడిగేసుకుపోతుంది. ప్రమిపెక్సోల్ కూడా కిడ్నీల గుండానే పోతుంది. రోపినిరోల్ కాలేయంలో విరుగుతుంది. నెఫ్రాలజిస్టు ఒప్పుకోకుండా ఏదీ ముట్టుకోవద్దు. ఇనుము సంగతి కూడా అడగండి, డయాలసిస్ వాళ్ళకు దాని లెక్కలు వేరుగా ఉంటాయి.


బోడుప్పల్ అబ్బాయి | రాత్రి 11.48

చాలా థాంక్స్ అండీ. శనివారం అడుగుతాను.


ప్రకృతి ప్రసాద్ | ఉదయం 5.40

ఇన్ని రసాయనాలెందుకు? మెగ్నీషియం మాత్ర రాత్రి ఒకటి, ఆముదంతో మర్దన, గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు. నాకు తగ్గింది.


నల్లకుంట నడక | ఉదయం 9.10

ప్రసాద్ గారూ, మర్దన, వేడినీళ్ళు మంచివే, నేనూ చేస్తాను. మెగ్నీషియానికి గట్టి ఆధారాలు లేవు కానీ కొందరికి హాయిగా ఉంటుంది, కిడ్నీలు బాగుంటే పోయేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త. గాబాపెంటిన్ వాడేవాళ్ళు మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న మాత్రలూ గ్యాసు మందులూ దానితో కలిపి వేసుకుంటే గాబాపెంటిన్ ఒంటికి తక్కువ పడుతుంది. రెండు గంటల ఎడం ఉండాలి. గాబాపెంటిన్‌కు ఇంకో చాదస్తం ఉంది. ఒకేసారి ఎక్కువ వేసుకుంటే పేగులు అంతా పీల్చుకోలేవు, మిగిలింది వృథా. అందుకే దాన్ని విడదీసి ఇస్తారు. ప్రీగాబాలిన్‌కు ఆ ఇబ్బంది లేదు, కానీ తిన్నాక వేసుకుంటే అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. పడుకునే వేళకు కాకుండా, బాధ మొదలయ్యే వేళకు గంటన్నరో రెండు గంటలో ముందు వేసుకోవాలి. చాలామంది పక్కమీదకు చేరాక మింగి, పనిచేయలేదంటారు.


మలక్‌పేట మేలుకొలుపు | రాత్రి 3.10

ప్రీగాబాలిన్ 150కి వచ్చింది. ప్రమిపెక్సోల్ 0.25కి దిగింది. 0.75 నుంచి 0.5కి దిగినప్పుడు విచిత్రంగా మధ్యాహ్నపు బాధ తగ్గింది. మా ఆవిడకు జవాబు దొరికిందనుకున్నాను. ఇప్పుడు మాత్రం నరకం. సాయంత్రం మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా మలక్‌పేట దాకా నిలబడే వస్తున్నాను. రాత్రి వంటింటికీ వరండాకూ మధ్య తిరుగుతున్నాను. ఏడుపు వస్తోంది, దేనికో తెలియదు. ఒక చిన్న మాత్ర ముక్క మింగితే పది నిమిషాలలో అన్నీ సర్దుకుంటాయని లోపల ఎవరో చెబుతూనే ఉన్నారు.


వనస్థలి వాణి | రాత్రి 3.25

నేనూ మేలుకునే ఉన్నాను. ఆ ముక్క మింగకండి అన్నయ్యా. రేపు డాక్టరుగారికి ఏడుపు సంగతి తప్పకుండా చెప్పండి. దాచకండి.


నల్లకుంట నడక | ఉదయం 6.30

వాణి గారి మాటే నాదీ. దిగులు మరీ ఎక్కువైతే, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన వస్తే, రోజు కూడా ఆగకుండా ఫోను చేయండి. కోత నెమ్మదిగా చేయవచ్చు, ఈ మెట్టు మీదే ఇంకో రెండు వారాలు ఆగవచ్చు, ప్రీగాబాలిన్ సర్దవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది. ఇది పరుగు పందెం కాదు. సాయంత్రం కాఫీ, టీ మానేశారా?


మలక్‌పేట మేలుకొలుపు | ఉదయం 10.15

కాఫీ మానేశాను. ఆఫీసు దగ్గర ఇరానీ చాయ్ ఒక్కటి వదలలేకపోతున్నాను. డాక్టరుగారితో మాట్లాడాను. కొన్నాళ్ళు 0.25 మీదే ఆగమన్నారు. ప్రీగాబాలిన్ 225 చేశారు. ఇనుము ఎక్కించడానికి వచ్చే వారం రమ్మన్నారు.


సైనిక్‌పురి సరళ | ఉదయం 10.40

ఆ చాయ్‌ని ఉదయానికి మార్చండి. ఇనుము ఎక్కించాక కొందరికి ఫాస్ఫేట్ పడిపోయి నీరసంగా ఉంటుంది. అలా ఉంటే రక్తపరీక్ష అడగండి. ఎక్కించిన వెంటనే ఫెరిటిన్ చేయించకండి, అంకె ఆకాశంలో ఉంటుంది, అర్థం ఉండదు. నన్ను ఎనిమిది వారాలు ఆగమన్నారు.


మలక్‌పేట మేలుకొలుపు | రాత్రి 8.30

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. టైము చూశారుగా, రాత్రి ఎనిమిదిన్నర. ప్రమిపెక్సోల్ పూర్తిగా పోయి నెల దాటింది. సున్నాకు దిగిన మొదటి రాత్రులు నల్లకుంట గారు చెప్పినట్టే గడిచాయి. ఆ వారం సెలవు పెట్టడం మంచిదైంది. ఇప్పుడు మధ్యాహ్నం బాధ లేదు. చేతులలో లేదు. రాత్రి పడుకునే వేళకు పిక్కల్లో కొంచెం ఉంటుంది, లేచి తిరిగేంత కాదు. జంతికల డబ్బా కూడా నిండుగానే ఉంటోంది.

బాగులేనివి కూడా చెప్పాలి. బరువు పెరుగుతోంది, ప్యాంట్లు పట్టడం లేదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. ఉదయం పదింటి దాకా బుర్ర మొద్దుగా ఉంటుంది, నోట్లు రెండుసార్లు లెక్కపెడుతున్నాను. వాపుకు కారణం మందేనా, గుండె, కిడ్నీ ఏమైనా ఉందా అని పరీక్షలు చేశారు, ఏమీ లేదు. ఇనుము పని మొదలైతే ప్రీగాబాలిన్‌ను మళ్ళీ 150కి దించి చూద్దామన్నారు. అప్పారావు గారి తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నారు?


అనుమానాల అప్పారావు | రాత్రి 9.05

వాడు సాయంత్రం నడక మొదలుపెట్టాడు, మోతాదు తగ్గించారు, వాపు పోయింది. బరువు పోలేదు. మీరు నిద్రపోతున్నందుకు సంతోషం. నేను కూడా ఫెరిటిన్ చేయించాను. 41. సరళమ్మగారి మాట మీద ఇనుము మాత్రలు అడిగాను. మందు మాత్రం మార్చలేదు.


కూకట్‌పల్లి కోడలు | రాత్రి 9.30

ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా అత్తయ్యకు ఈ జబ్బు ఉంది, గాబాపెంటిన్ వాడుతున్నారు. ఎల్లుండి పిత్తాశయం ఆపరేషన్. పోయినసారి ఆసుపత్రిలో వాంతులకు ఏదో ఇంజెక్షన్ ఇచ్చాక రాత్రంతా మంచం మీద ఉండలేకపోయారు, వార్డు అంతా నడిచారు. నర్సులు మతిభ్రమించిందనుకున్నారు. ఈసారి ఏమి చెప్పాలి?


మందుల కొట్టు మామయ్య | రాత్రి 9.55

అమ్మా, ఆ ఇంజెక్షన్ పేరు పాత కేసు కాగితాలలో ఉంటుంది, వెతకండి. మెటోక్లోప్రమైడ్ అయి ఉండవచ్చు. డోపమిన్‌ను అడ్డుకునే వాంతుల మందులు ఈ జబ్బుకు పడవు. ప్రోక్లోర్‌పెరజిన్, ప్రోమెథజిన్ కూడా అంతే. ఆండాన్‌సెట్రాన్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి దానితో కూడా నయమే. మత్తు ఇచ్చే డాక్టరుకు ఒక కాగితం మీద ఇలా రాసి ఇవ్వండి: జబ్బు పేరు, గాబాపెంటిన్ ఎంత, ఏ వేళకు, పై మందులు పడవని. ఆపరేషన్ రోజు గాబాపెంటిన్ వేసుకోవాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి. పరగడుపని చెప్పి మొత్తం మందులన్నీ ఆపేస్తారు కొందరు. నొప్పి తగ్గించే మత్తు మందులు ఇస్తే, గాబాపెంటిన్‌తో కలిసి ఊపిరి మందగించవచ్చు. అందుకే ఆయనకు తెలియాలి.

ఇంటికి వచ్చాక జలుబు చేస్తే కొట్టుకు వెళ్ళి జలుబు మాత్ర అని అడగకండి. చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది కూడా కాళ్ళను లేపుతుంది.


కూకట్‌పల్లి కోడలు | రాత్రి 10.20

పాత కాగితాలు దొరికాయి. మీరు చెప్పిన మెటోక్లోప్రమైడే. కాగితం రాశాను, రేపు ఉదయం మత్తు డాక్టరుగారు చూడటానికి వస్తారట, ఆయన చేతికే ఇస్తాను. ఒక నకలు అత్తయ్య దిండు కింద కూడా పెడతాను, రాత్రి డ్యూటీ నర్సు కోసం.